కార్బురేటరు చేసిన నేరమేమి?

పాత టూస్ట్రోకు డర్ట్ బైకు సరిగ్గా నడవట్లేదని ఎవరితోనైనా అని చూడండి. సీళ్ళు చూశావా, మాగ్నెటో చూశావా అని అడిగేవాడు ఒక్కడుంటే గొప్ప. "ఆ పాత కార్బురేటరు పీకి పారెయ్, కొత్త ఫ్లాట్‌స్లైడు పెట్టు" అనేవాళ్ళు మాత్రం పదిమంది తయారు. అంతటితో ఊరుకోరు, ఒక చీటీ కూడా రాసిచ్చేస్తారు. పైలటు జెట్టు ఇంత, మెయిను జెట్టు ఇంత, నీడిలు క్లిప్పు మూడో గాడిలో, ఎయిరు స్క్రూ ఒకటిన్నర చుట్టు. రోగిని చూడకుండా మందుల చీటీ రాసిచ్చే డాక్టరుని మనం ఏమంటామో, వీళ్ళనీ అదే అనాలి.

ఈ టపా ఆ పదిమంది మీద. చాన్నాళ్ళు నేనూ ఆ పదిమందిలో ఒకణ్ణే కాబట్టి తిట్టే హక్కు నాకు కాస్త ఎక్కువే ఉందనుకుంటున్నాను :-)

నేను చెప్పదల్చుకున్నది ఒక్కటే. ఇంజను దొంగదారిన గాలి పీల్చట్లేదని కొలిచి తేల్చుకునేదాకా కార్బురేటరు జోలికి వెళ్ళకూడదు. మార్చడం సంగతి అటుంచండి, జెట్టు కూడా ముట్టుకోకూడదు. ఎంచేతంటే దాని పేరు చెప్పి కప్పిపెట్టిన జబ్బు ఏదో ఒకరోజు బండి మీద కూర్చున్నవాడి ఎముకల మీదకి వస్తుంది.

డర్ట్ బైకులు తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 1968లో యమహా డీటీ-1 అనే 250 సీసీ బండి అమెరికాలో దింపింది. మామూలు మనిషి కొనుక్కుని అడవిలోకీ ఇసకలోకీ తోలుకెళ్ళగలిగే బండి అది. 1971లో 'ఆన్ ఎనీ సండే' సినిమా వచ్చి జనానికి ఆ పిచ్చి బాగా ఎక్కించింది. 1973లో హోండా కూడా దిగింది. అప్పటిదాకా ఫోర్‌స్ట్రోకులకే పేరుపడ్డ హోండా, మోటోక్రాస్ కోసం తయారుచేసి అమ్మిన మొదటి టూస్ట్రోకు బండి సీఆర్250ఎం ఎల్సినోర్. కాలిఫోర్నియాలో లేక్ ఎల్సినోర్ ఊళ్ళో జరిగే రేసు పేరే దానికి పెట్టారు. ఆ ఏడాదే గ్యారీ జోన్స్ దానిమీద అమెరికా 250 సీసీ నేషనల్ ఛాంపియన్ అయ్యాడు. ఇప్పుడా బళ్ళకి యాభై ఏళ్ళు దాటాయి. ఇక్కడ గ్యారేజీల్లో వాటిని బాగుచేసుకుని వారాంతాల్లో నడుపుకునేవాళ్ళం చాలామందిమే ఉన్నాం.

మనవాళ్ళకి ఇదంతా దూరపు సంగతేం కాదు. ఆరెక్స్ 100 నడిపిన ప్రతివాడికీ టూస్ట్రోకంటే ఏమిటో తెలుసు. డీటీ-1లో ఉన్నదీ, ఆరెక్స్‌లో ఉన్నదీ ఒకే జాతి కార్బురేటరు, మికుని వీఎం. సైజులే తేడా. అక్కడ నేర్చుకున్నది ఇక్కడ పనికొస్తుంది. అక్కడ చేసిన తప్పులూ ఇక్కడ పనికొస్తాయి, అదే బాధ.

ఇహ నా కథ. నా దగ్గర ఎల్సినోరొకటి ఉంది. కొన్నప్పుడు ఐడిలింగు నిలిచేది కాదు. రేజు చేసి వదిలితే శబ్దం వెంటనే దిగకుండా కాసేపు పైనే వేలాడి, నింపాదిగా కిందకి వచ్చేది. కొంచెం అనుభవం ఉన్న మెకానిక్కు ఎవడైనా ఆ ఒక్క లక్షణం విని "ఎక్కడో గాలి లాగుతోంది" అని చెప్పేస్తాడు. నేను మాత్రం పదిమంది మాట విన్నాను. దాని 34 మిల్లీమీటర్ల కైహిన్ తీసి అటక మీద పడేసి, పేరున్న ఫ్లాట్‌స్లైడు కార్బురేటరుకి నకలు ఒకటి ఆన్‌లైన్లో తెప్పించాను. చవక, తళతళ మెరుస్తోంది, పెట్టెలో జెట్లు కూడా ఉన్నాయి. ఇంకేం కావాలి?

చీటీలో ఉన్న జెట్లు వేశాను. ఐడిలింగు మళ్ళీ నిలవలేదు. పైలటు జెట్టు ఒక సైజు పెంచాను. కొంచెం నయం. ఇంకో సైజు, ఇంకో సైజు. నీడిలు కూడా ఒక గాడి పైకి లేపాను. ఓ ఆదివారం సాయంత్రం, ఎండ 30 డిగ్రీలున్నప్పుడు, బండి కుదురుగా నిలబడింది. గెలిచాననుకున్నాను. నిజానికి ఆ పూట నేను చేసిందల్లా ఎర్రర్ మెసేజి రాకుండా నోరు నొక్కడం.

తర్వాత నెలలో మా బామ్మర్ది హైదరాబాదు నుంచి వచ్చాడు. ఇంజనీరింగు రోజుల్లో ఆరెక్స్ మీద తిరిగినవాడు. పొద్దున్నే, 5 డిగ్రీల చలిలో, ఎడారిలో ఎండిపోయిన వాగు వెంబడి బండి ఇచ్చాను. సగం కంటే కాస్త ఎక్కువ థ్రాటిల్‌తో ఓ రెండు మైళ్ళు వెళ్ళి ఉంటాడు. పిస్టను పట్టేసింది. వెనక చక్రం కట్టేసినట్టు ఆగిపోయింది. ఆరెక్స్ రోజుల్లో క్లచ్చు మీద ఎప్పుడూ రెండు వేళ్ళుండేవి వాడికి, శబ్దం మారిందంటే చాలు చెయ్యి దానంతటదే నొక్కేసేది. పదిహేనేళ్ళుగా కార్లు తోలుతున్నవాడికి ఆ అలవాటు ఎక్కడ మిగిలి ఉంటుంది? కాలర్ బోను విరిగింది. హెల్మెట్టూ కవచాలూ అన్నీ ఉన్నాయి కాబట్టి అంతటితో పోయింది.

కారులో కూర్చోబెట్టి తీసుకెళ్తుంటే వాడడిగిన మాట ఒక్కటే. "టెస్ట్ చేసే ఇచ్చావా బావా?"

చేశానని ఎలా చెప్పను? నా గ్యారేజీలో నడిచింది, నా ఎండలో నడిచింది. 'నా మెషీన్లో బానే ఉంది' అనే మాటకి ఆఫీసులో మనం ఎంత నవ్వుకుంటామో మీకు తెలుసు.

సిలిండరు విప్పకముందే, ఆర్నెల్ల కిందట చేసుండాల్సిన పని అప్పుడు చేశాను. ఇన్‌టేకుకీ సైలెన్సరు దారికీ బిరడాలు బిగించి లోపలికి గాలి కొట్టాను. ముల్లు నిమిషం తిరక్కుండా సున్నాకి పడిపోయింది. సబ్బునీళ్ళు పోస్తే మాగ్నెటో వెనక క్రాంకు సీలు దగ్గర బుడబుడా బుడగలు. యాభై ఏళ్ళ రబ్బరు ఎండి రాయైపోయింది. కొత్త సీలు పది డాలర్లు కూడా లేదు.

అసలు ఏం జరిగిందో కాస్త వివరంగా చెప్పాలి. ఎంచేతంటే ఈ వాదం మొత్తం దానిమీదే నిలబడి ఉంది.

టూస్ట్రోకులో పిస్టను కింది గది, అంటే క్రాంకుకేసు, ఒక పంపు. పిస్టను పైకి లేచినప్పుడల్లా కార్బురేటరు నుంచి గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమాన్ని లోపలికి లాగుతుంది. క్రాంకు రెండు చివర్లా సీళ్ళుంటాయి. గేరుబాక్సు వైపు సీలు పోతే గేరాయిలు లోపలికి వచ్చి తెల్లగా పొగ కక్కుతుంది, ఆయిలు తగ్గిపోతుంటుంది, మనకి తెలిసిపోతుంది. మాగ్నెటో వైపు సీలు పోతే వచ్చేది ఉత్త గాలి. అది కంటికి కనపడదు. కార్బురేటరు లెక్క ప్రకారం పెట్రోలు కొలిచి పంపుతూనే ఉంటుంది, లోపల మాత్రం గాలి ఎక్కువైపోతుంది. దీన్నే లీను అంటాం. పెట్రోలు ఎక్కువైతే రిచ్చు.

ఫోర్‌స్ట్రోకు లీనైతే ఇంజను వేడెక్కుతుంది, గునుస్తుంది. టూస్ట్రోకు లీనైతే దానికి రెండు దెబ్బలు. ఆయిలు వచ్చేది పెట్రోలుతోనే కాబట్టి పెట్రోలు తగ్గితే ఆయిలూ తగ్గుతుంది. ఒకపక్క వేడి పెరిగి పిస్టను ఉబ్బుతుంది, ఇంకోపక్క దానికి జిడ్డు అందదు. గాలితో చల్లబడే పాత ఇంజన్లలో ఆ రెండూ కలిస్తే మిగిలేది అల్యూమినియం గీతలే.

మనకి అలవాటైన భాషలో చెప్పాలంటే కార్బురేటరు ఓపెన్ లూప్. దానికి సెన్సరు లేదు. ఈ రోజుల్లో కార్లలో ఉండే ఇంజెక్షను వ్యవస్థ సైలెన్సరులో ఆక్సిజను చూసి తప్పుంటే దిద్దుకుంటుంది. కార్బురేటరు తన గొంతులోంచి ఎంత గాలి పోయిందో దానికి తగ్గ పెట్రోలు ఇస్తుంది, అంతే. పక్కగోడకి కన్నం ఉందన్న సంగతి దానికి తెలిసే దారే లేదు. అలాంటిదాన్ని మార్చి పక్కగోడ కన్నం పూడ్చానని అనుకున్నాను నేను!

పైలటు జెట్టు పెంచితే బండి ఎందుకు కుదురుకుందో కూడా చెప్తాను. గాలి మూసి ఉన్నప్పుడు లోపల గుంజుడు ఎక్కువ, అప్పుడు లీకు వాటా పెద్దది. అందుకే ఐడిలింగులో జబ్బు బయటపడుతుంది. జెట్టు పెంచి అక్కడ కప్పిపెట్టాను. కానీ పైలటు జెట్టు పనిచేసేది మొదటి పావు థ్రాటిల్ దాకా. ఆ తర్వాత స్లైడు కోత, పావు నుంచి ముప్పావు దాకా నీడిలు, ఆపైన మెయిను జెట్టు. ఒకదాని సరిహద్దులోకి ఒకటి కొంచెం చొచ్చుకొస్తుంది గానీ ఒకదాని లోటు ఇంకొకటి తీర్చదు. సగం థ్రాటిల్‌కి నేనిచ్చింది ఒక్క నీడిలు గాడి. లీకు, చలి, చీటీలోని మెయిను జెట్టు, మూడూ కలిసి దాన్ని మింగేశాయి.

చలి ఎంత మింగుతుందో ఎవరూ లెక్కెయ్యరు, కాబట్టి వేద్దాం. 30 డిగ్రీల నుంచి 5 డిగ్రీలకి దిగితే గాలి సాంద్రత దాదాపు 9 శాతం పెరుగుతుంది. వెంచురీలో గుంజుడు గాలి సాంద్రతని బట్టి పెరుగుతుంది, కానీ జెట్టులోంచి పెట్రోలు పారేది ఆ గుంజుడికి వర్గమూలం లెక్కన. అంటే గాలి 9 శాతం పెరిగితే పెట్రోలు పెరిగేది నాలుగు, నాలుగున్నర శాతమే. మిగతాది లోటు. అదే డెన్వర్ లాంటి ఊరికి, అంటే మైలు ఎత్తుకి వెళ్తే, గాలి 14 శాతం దాకా పల్చబడి పెట్రోలు 7 శాతమే తగ్గుతుంది, బండి రిచ్చవుతుంది. డెన్వర్లో ఒకాయన బండికి అమృతంలా పనిచేసిన జెట్టు సముద్రమట్టంలో మీ పిస్టనుకి విషం. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయన ఊరు చెప్పలేదు, అంతే.

ఇంకా వినండి. మికుని ఆరుపలకల మెయిను జెట్టు మీది నంబరు దాంట్లోంచి ఎంత పారుతుందో చెప్పే అంకె. కైహిన్ జెట్టు మీది నంబరు కన్నం వ్యాసాన్ని బట్టి. రెండింటిమీదా 160 అని ఉన్నంత మాత్రాన అవి ఒకటి కావు. పౌండ్లకీ కిలోలకీ మధ్య మార్పు మర్చిపోయినట్టే ఇదీ. నకలు కార్బురేటర్ల సంగతి అడక్కండి, నాకొచ్చిన వాటిల్లో ఒక జెట్టు మీద అంకెకీ లోపలి కన్నానికీ పొంతనే లేదు.

తర్వాత పెట్రోలు. 1973లో ఈ బండికి జెట్లు నిర్ణయించినప్పుడు పెట్రోల్లో ఇథనాలు లెక్క లేదు. ఇవాళ కాలిఫోర్నియా బంకుల్లో దొరికేదాంట్లో 10 శాతం ఇథనాలు ఉంటుంది. శుద్ధ పెట్రోలు కాలాలంటే ఒక పాలుకి 14.7 పాళ్ళ గాలి కావాలి, ఇథనాలుకి 9 చాలు. అంటే 10 శాతం కలిపితే అదే జెట్టుతో బండి సుమారు 4 శాతం లీనవుతుంది. మన దేశంలో 2025 నాటికి 20 శాతం ఇథనాలు వచ్చేసింది. దాంతో దాదాపు 8 శాతం. ఆరెక్సులూ యెజ్డిలూ దాచుకున్నవాళ్ళు ఈ అంకెని గోడమీద రాసుకోవాలి. 'కొత్త పెట్రోలు పోసినకాణ్ణించీ కార్బేటరు దొబ్బింది' అని తిట్టుకునే ముందు మెయిను జెట్టు ఒకటి రెండు సైజులు పెంచి చూడాలి.

ఇహ ఆయిలు. ఈ మాట చెప్తే చాలామంది నాతో దెబ్బలాటకి వస్తారు. ఆ కాలపు బళ్ళకి 20కి 1 పాలు ఆయిలు మామూలు. ఇప్పటి ఆయిళ్ళు మంచివని 40కి 1 వాడుతున్నారు, బానే ఉంది. ఆయిలు తగ్గిస్తే బండి లీనవుతుందని ఒక నమ్మకం. తలకిందులు! జెట్టులోంచి పారే ద్రవం అంతే, దాంట్లో ఆయిలు తగ్గితే పెట్రోలు వాటా పెరుగుతుంది. 20కి 1లో పెట్రోలు 95.2 శాతం, 40కి 1లో 97.6. అంటే కాస్త రిచ్చవుతుంది. తిరగేసి చూడండి. బండి వేడెక్కుతోందని భయపడి ఆయిలు దండిగా పోసేవాడు దాన్ని ఇంకొంచెం లీను చేస్తున్నాడు. మంచి మనసుతోనే.

ఇన్ని లెక్కలుంటే, ఇవేవీ అడక్కుండా రెండు అంకెలు రాసిచ్చేవాడు సాయం చేస్తున్నాడా? వేరే సర్వరు కాన్ఫిగ్ ఫైలు తెచ్చి మన ప్రొడక్షన్లో పెట్టమంటే మనం పెడతామా? సరే, కొంతమంది పెడతారు :-) వాళ్ళకి రాత్రి మూడింటికి ఫోనొస్తుంది. ఇక్కడ ఫోను వచ్చేది ఎమర్జెన్సీ వార్డు నుంచి.

మరి ఏం చెయ్యాలి? నేను ఇప్పుడు పాటించే వరస ఇది.

మొదటిది లీకు పరీక్ష. సిలిండరూ క్రాంకుకేసూ బిగించి ఉండగానే రెండు దార్లూ మూసి 6 పీఎస్ఐ గాలి కొట్టండి, అంతకంటే ఎక్కువొద్దు, మంచి సీళ్ళు కూడా తిరగబడతాయి. నిమిషానికి ఒక పీఎస్ఐ కంటే ఎక్కువ పడకూడదు. పరికరం లేదంటారా? ఇంట్లో అమ్మానాన్నల కోసం కొన్న పాతకాలపు బీపీ మిషను ఉందేమో చూడండి, బల్బు నొక్కేది. దాని గేజు 300 దాకా ఉంటుంది. 6 పీఎస్ఐ అంటే దాదాపు 310. బల్బూ గేజూ రెండూ అందులోనే ఉన్నాయి. బిరడాకి ఒక గొట్టం అమర్చుకుంటే అయిపోయింది.

రెండోది మిగతా అనుమానితులు. ఇన్‌టేకు రబ్బరు పగిలిందా, గ్యాస్కెట్టు కాలిందా, ఎయిరు ఫిల్టరు జిడ్డుగా ఉందా, ట్యాంకు మూతకి గాలి కన్నం తెరిచి ఉందా, ప్లగ్గుకి నిప్పు నిలకడగా వస్తోందా, టైమింగు సరిగ్గా ఉందా. కార్బురేటరు పేరు మీద నడిచే కేసుల్లో సగం పైగా ఇక్కడే కొట్టేస్తారని నా అనుభవం.

మూడోది ఉన్న కార్బురేటరునే శుభ్రం చెయ్యడం. పైలటు జెట్టు కన్నం వెంట్రుక సైజులో ఉంటుంది, ఎండిన పెట్రోలు దాన్ని పూడ్చేస్తుంది. తీగ పెట్టి పొడవకండి, కన్నం సైజు మారిపోతుంది. ఫ్లోటు ఎత్తు పుస్తకంలో ఉన్నట్టు పెట్టండి. ఫ్లోటు తప్పితే ఎన్ని జెట్లు మార్చినా దండగే.

నాలుగోది, ఇక్కడికొచ్చాకే, జెట్లు. గ్రిప్పు పక్కన తెల్ల టేపు అంటించి పావు, అర, ముప్పావు గీతలు గీసుకోండి. ఎక్కడ తేడా కొడుతోందో అప్పుడు తెలుస్తుంది, లేకపోతే సగం అనుకుని పావు దగ్గర కొట్టుకుంటూ ఉంటాం. ఎప్పుడూ రిచ్చు వైపు నుంచి కిందకి దిగండి. రిచ్చుగా ఉంటే ప్లగ్గు నల్లబడుతుంది, కొత్త ప్లగ్గు కొనుక్కుంటాం. లీను వైపు నుంచి ఎక్కబోతే కొనాల్సింది పిస్టను. ఒకసారికి ఒక్కటే మార్చండి, ఆరోజు ఎండా ఎత్తూ పుస్తకంలో రాసుకోండి. వర్షన్ కంట్రోలు అన్నమాట.

ఇప్పుడు అటుపక్క న్యాయం కూడా చెప్పాలి. కార్బురేటరు మార్చడం పాపమని నేననట్లేదు. బుల్టాకో లాంటి స్పానిష్ బళ్ళకి వచ్చిన ఆమల్ కార్బురేటర్ల ఒళ్ళు మెత్తటి లోహం. ఏళ్ళ తరబడి స్లైడు రాసుకుని గోడ అరిగిపోతుంది, ఆ సందులోంచే గాలి లాగుతుంది. అప్పుడు కార్బురేటరే దోషి, సాక్ష్యం చేతిలోనే ఉంది, స్లైడు కదిపితే లొడలొడలాడుతుంది. జర్మను మైకోకి బింగ్ తీసి మికుని పెట్టడం డెబ్బయిల్లోనే జరిగిన పని. చెక్ దేశపు సీజెడ్‌కి వచ్చిన జికోవ్‌లకీ అదే గతి పట్టింది. సీజెడ్‌కి దాయాది అయిన జావా మైసూరులో తయారై యెజ్డిగా మారింది కదా, మన ఊళ్ళలో యెజ్డికి మికుని పెట్టించడం అదే కథకి మన వైపు అధ్యాయం. విడిభాగాలు దొరకనప్పుడు, గోడ అరిగినప్పుడు, మార్చండి. బళ్ళు తిరగడానికే ఉన్నాయి, అద్దాల పెట్టెలో పెట్టుకోడానికి కాదు. "ఫ్యాక్టరీ నట్టు మారిస్తే మహాపాపం" అని ముక్కు మీద వేలేసుకునే భక్తులతో కూడా నాకు పేచీయే.

కానీ మార్చేటప్పుడు మార్పిడి పని మొత్తం చెయ్యండి. గొంతు సైజు పెద్దదైతే బలం పెరుగుతుందనుకుంటారు. తక్కువ స్పీడులో గాలి వేగం తగ్గి, గుంజుడు చాలక, కిందస్థాయిలో బండి చచ్చిపోతుంది. రబ్బరు మెడలో సరిగ్గా కూర్చోని కార్బురేటరుని క్లాంపుతో బలవంతంగా నొక్కితే కొత్త లీకు మీరే తయారుచేసినట్టు. స్లైడు లేచే ఎత్తు మారితే థ్రాటిల్ తీగా మారాలి. హ్యాండిలు ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పినప్పుడు స్లైడు టక్కున కింద పడాలి. పడకపోతే కిక్కు కొట్టనే వద్దు. ఇవన్నీ అయ్యాక మళ్ళీ రిచ్చు వైపు నుంచి, ఒకటో గీత నుంచి.

మన వృత్తిలో ఉన్నవాళ్ళకి ఇదంతా విడమర్చి చెప్పక్కర్లేదనుకోండి. పాత కోడు అర్థం కాకపోతే మొదట పుట్టే కోరిక మొత్తం తిరగరాద్దామని. కొత్తదాంట్లో కూడా అదే బగ్గు వస్తుంది, ఎంచేతంటే బగ్గు ఆ కోడులో లేదు, దానికి డేటా పంపేవాడి దగ్గరుంది. ఆఫీసులో ఈ పాఠం నేను చాలాసార్లు చెప్పినవాణ్ణే. గ్యారేజీ షట్టరు ఎత్తగానే ఎలా మర్చిపోయానో నాకే తెలీదు. తళతళలాడే కొత్త సామాను పెట్టె విప్పడంలో ఉన్న సుఖం, బీపీ బల్బు నొక్కుతూ ముల్లు వంక చూస్తూ ఆరు నిమిషాలు కూర్చోడంలో లేదు. అంతకంటే వేరే కారణం ఏదీ నాకు కనపడలేదు.

నా బండికి సిలిండరు మొదటి ఓవర్‌సైజుకి బోరు కొట్టించాను. స్లీవులో యాభై ఏళ్ళు నిలిచిన ఫ్యాక్టరీ గోడ కొంత పొడిగా రాలిపోయింది, అది మళ్ళీ రాదు. రెండువైపులా కొత్త సీళ్ళు వేశాను. అటక మీది కైహిన్ దించి శుభ్రం చేసి అదే పెట్టాను, మెయిను జెట్టు మాత్రం ఇప్పటి పెట్రోలు కోసం రెండు సైజులు పెంచాల్సొచ్చింది. ఐడిలింగు మొదటి కిక్కుకే నిలిచింది. అది మొదణ్ణించీ బాగానే ఉంది పాపం.

మా బామ్మర్ది మళ్ళీ వస్తున్నాడు. బండి ఎక్కుతావురా అని భయం భయంగా అడిగాను. "లీకు టెస్టు చేశావా బావా?" అన్నాడు. గేజు ఫోటోలు రెండు పంపాను, పెట్టినప్పటిదీ, ఆరు నిమిషాల తర్వాతదీ. ముల్లు ఉన్నచోటే ఉంది. వస్తానన్నాడు.

ఈసారి ఎవరైనా మీకు జెట్ల చీటీ రాసివ్వబోతే ఆపి ఒక్క మాటడగండి, "గాలి కొట్టి చూశావా?" అని. చూడకపోతే ఆ చీటీ వాడికే తిరిగిచ్చేయండి.

ఉంటా మరి.